అప్‌డేట్: అమ్మకు ఫ్రోజెన్ సెక్షన్ చేయించాం

ముట్లు ఆగిపోయాక కూడా అమ్మ గర్భసంచిలో గడ్డ పెరుగుతోందనీ, ఆపరేషన్ మధ్యలోనే ముక్క పరీక్ష (అదే ఫ్రోజెన్ సెక్షన్) చేయిస్తామని డాక్టరుగారు అన్నారనీ, అది అవసరమా అనీ పోయిన నెల అడిగాను కదా. గుంటూరు కొత్తపేటలో ఆపరేషన్ అయిపోయింది.

గర్భసంచిని లోపల ముక్కలు చేయకుండా మొత్తంగా తీశారు. ఒకవేళ క్యాన్సరైతే కణాలు కడుపులో చెదరకూడదట. కాసేపటికి ఆయా ఒక డబ్బా పట్టుకుని ల్యాబ్ వైపు గబగబా వెళ్లింది. అందులో ఫార్మలిన్ (ముక్క పాడవకుండా పోసే మందు) పోయరు, పచ్చిగానే పంపాలి. మైనస్ 20 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి, 5 మైక్రాన్ల మందాన పొర కోసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. 25 నిమిషాలు పట్టింది. ఈలోపు నాన్న మూడు టీలు తెప్పించుకున్నారు, ఒక్కటీ పూర్తిగా తాగలేదు.

ల్యాబ్‌లో చూసి "ఫైబ్రాయిడ్‌లాగే ఉంది" అన్నారు, అంటే క్యాన్సర్ కాని గడ్డ. ఖాయమని మాత్రం అనలేదు. సార్కోమా అనే రకం క్యాన్సరైతే ఈ పరీక్షకు ఒక్కోసారి దొరకదట. గడ్డలో చాలా చోట్ల ముక్కలు తీసి, మైనపు దిమ్మల్లో పెట్టి చూడాల్సిందేనట. ఈ మాట ముందే చెప్పి ఉంటే మాకు అంత టెన్షన్ ఉండేది కాదు. ఎనిమిదో రోజు ఫైనల్ రిపోర్టు వచ్చింది: మామూలు ఫైబ్రాయిడే.

కుట్లు విప్పేశారు. నిన్నటి నుంచి గోంగూర పచ్చడి కావాలని అమ్మ ఒకటే గొడవ.