200 గ్రాముల రాయి 199.84 తూగుతోంది, తప్పు ఎక్కడ?

ల్యాబ్ సహాయకుడు: మూడు గంటలుగా దీని ముందే కూర్చున్నాను. ప్రామాణిక 200 గ్రాముల తూకపురాయి పెడితే ఎలక్ట్రానిక్ త్రాసు 199.84 చూపిస్తోంది. త్రాసు మట్టం చూపే బుడగ మధ్యలోనే ఉంది. ఫ్యాను ఆపాను, పళ్ళెం తుడిచాను, సున్నా సరిగ్గానే వస్తోంది. పాత రెండు పళ్ళేల త్రాసులో మరో 200 రాయితో ఇది సమానంగా తూగింది. నాకు పిచ్చెక్కుతోంది.

తూనిక: కాలిబ్రేషన్ (ప్రామాణిక రాయితో త్రాసును సరిచేయడం) ఎక్కడ చేశారు?

పాత పంతులు: ముందు భాష సరిచేసుకుందాం. గ్రాములు ద్రవ్యరాశికి. బరువును న్యూటన్లలో చెప్పాలి. ఈ త్రాసు కొలిచేది బలాన్ని, చూపేది గ్రాములను. గొడవంతా అక్కడే.

వంకాయ: సంతలో కూరగాయలు న్యూటన్లలో అడుగుతారా మాస్టారూ?

ల్యాబ్ సహాయకుడు: ఢిల్లీలోనండీ. పోయిన వారమే హైదరాబాదుకు తెచ్చాం. అక్కడ 200.00 చూపించేది. ఇది కూడా చెప్పాలా?

తూనిక: చెప్పాల్సింది అదొక్కటే. జి, అంటే గురుత్వ త్వరణం (మీ/సె²), ఢిల్లీలో సుమారు 9.791, హైదరాబాదులో 9.783. నిష్పత్తి వేసుకోండి, 199.84 వస్తుంది. భూమి తిరుగుడు వల్ల, నడుము దగ్గరి ఉబ్బు వల్ల భూమధ్యరేఖ వద్ద జి 9.780, ధ్రువాల వద్ద 9.832. మనం దక్షిణానికి వచ్చాం కాబట్టి తగ్గింది. ఎత్తు వల్ల ఇంకొంచెం: కిలోమీటరు పైకెక్కితే 0.003 పోతుంది. రెండు పళ్ళేల త్రాసులో రెండువైపులా ఒకే జి, అందుకే దానికి ఏమీ తెలియలేదు.

ల్యాబ్ సహాయకుడు: మా చుట్టూ గ్రానైట్ గుట్టలున్నాయి. వాటి ప్రభావం కాదా?

తూనిక: కాదు. వంద మీటర్ల మందాన నేలంతా గ్రానైట్ పరిచినా 0.0001 మాత్రమే పెరుగుతుంది. మీ త్రాసుకు అది కనబడదు.

కొండగుర్తు: కొండలను అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. మన దేశంలోని సర్వే కేంద్రాలు కలియానా, కలియాన్‌పూర్‌ల మధ్య అక్షాంశ భేదాన్ని నేల సర్వేతోనూ నక్షత్రాలతోనూ కొలిస్తే 5.236 సెకన్ల తేడా వచ్చింది (కాలం కాదు, కోణం: డిగ్రీలో 3600వ వంతు ఒక సెకను). నక్షత్రాల కొలతలో నిలువు చూపే గుండు దారాన్ని హిమాలయాలు లాగాయని 1855లో గణితవేత్త ప్రాట్ లెక్కవేశారు. కానీ ఆయన లెక్క ప్రకారం తేడా 15 సెకన్లు దాటాలి! కొండల కింద తేలికైన వేళ్ళున్నాయని అదే ఏడాది ఖగోళ శాస్త్రవేత్త ఎయిరీ వివరించారు.

వంకాయ: కొండకు వేళ్ళేమిటి?

కొండగుర్తు: నీళ్ళలో తేలే మంచుగడ్డకు కింద మునిగిన భాగం ఉంటుంది కదా, అలాగే.

పాత పంతులు: అయితే ‘వేరు’ అనకూడదు. వేరు నేలలోంచి తీసుకుంటుంది, ఇది మోస్తుంది.

ల్యాబ్ సహాయకుడు: ఆ రాయితోనే ఇక్కడ మళ్ళీ కాలిబ్రేషన్ చేశాను. 200.00 వచ్చింది. థాంక్స్.

పాత పంతులు: 200.00 ఏమిటి? ప్రమాణం రాయండి.