అప్‌డేట్: పీఎన్‌జీ వెనక తెల్ల డబ్బా ఎలా పోయిందంటే

ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన పచ్చళ్ల సీసా లోగోని పీఎన్‌జీగా (వెనక భాగం ఖాళీగా ఉంచగలిగే ఇమేజ్ ఫైల్) ఎక్స్‌పోర్ట్ చేస్తే వెనక తెల్ల డబ్బా వస్తోందని మొన్న అడిగాను కదా, దొరికింది.

చాలామంది చెప్పినట్టు ముందు డాక్యుమెంట్ ప్రాపర్టీస్ చూశాను. బ్యాక్‌గ్రౌండ్ ఆల్ఫా 0 గానే, అంటే పూర్తి ట్రాన్స్‌పరెంట్‌గానే ఉంది. అక్కడే గంట పోయింది. తర్వాత ఒకరు వ్యూ మెనూలో అవుట్‌లైన్ మోడ్ పెట్టి చూడమన్నారు. రంగులన్నీ పోయి గీతలే మిగిలాయి; లోగో చుట్టూ పేజీ అంత పెద్ద చతురస్రం! తెల్ల పేజీ మీద తెల్ల పెట్టె, ఇక కంటికెలా ఆనుతుంది? పాత పీడీఎఫ్ నుంచి ఇంపోర్ట్ చేసినప్పుడు గ్రూపులో కలిసి వచ్చింది. అన్‌గ్రూప్ చేసి, దాన్ని మాత్రం డిలీట్ చేశాను.

అయిపోయిందనుకుంటే, ప్రింటింగ్ అతను "ఇంకా తెల్లగానే ఉందండీ" అన్నాడు. మళ్లీ టెన్షన్. ఈసారి తప్పు ఫైల్‌ది కాదు, నాదే. చాట్‌లో ఫొటోగా పంపాను, అది జేపెగ్‌గా మారిపోయింది. జేపెగ్‌లో ట్రాన్స్‌పరెన్సీ ఉండదు. డాక్యుమెంట్‌గా పంపాక ఎర్ర లేబుల్ మీద లోగో శుభ్రంగా కూర్చుంది.

అవుట్‌లైన్ మోడ్ చెప్పినవారికి ఒక ఆవకాయ సీసా బాకీ.