ఒక్క హెచ్‌ఎస్‌ఎంతో (ఎన్‌క్రిప్షన్ కీలు దాచే పరికరం) కీ తయారు కావడం లేదు, ఏం మర్చిపోయాను?

చెరువుగట్టు (భీమవరం):
రొయ్యల రైతులకు డబ్బు జమ చేసే చిన్న సాఫ్ట్‌వేర్ మాది. వాళ్ల బ్యాంకు ఖాతా నంబర్లు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచాలి. సరుకు కొనే కంపెనీ ఆడిటరు, కీలు హార్డ్‌వేర్‌లోనే ఉండాలని పట్టుబట్టాడు. అందుకని అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో హెచ్‌ఎస్‌ఎంలు అద్దెకిచ్చే క్లౌడ్‌హెచ్‌ఎస్‌ఎం తీసుకున్నా, ముంబై రీజియన్‌లో. క్లస్టర్ (హెచ్‌ఎస్‌ఎంల గుంపు) ఇచ్చిన సీఎస్‌ఆర్‌ను, అంటే సర్టిఫికెట్ అడిగే ఫైల్‌ను, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ టూల్‌లో నా ప్రైవేట్ కీతో సంతకం చేసి ఎక్కించా. యాక్టివేట్ చేసి అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టా, క్రిప్టో యూజర్‌ని (కీలు చేసి వాడే ఖాతా) కూడా చేర్చా. లాగిన్ అవుతోంది. ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ కీ చెయ్యమంటే మాత్రం ఎర్రర్. రాత్రి రెండింటిదాకా కూర్చున్నా. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది, అది వేరే గొడవ. గంట లెక్కన బిల్లు కదా అని హెచ్‌ఎస్‌ఎం ఒక్కటే పెట్టా.

కాకినాడ కుర్రాడు:
జవాబు మీ చివరి వాక్యంలోనే ఉందండి. క్లయింట్ ఎస్‌డీకే 5లో (హెచ్‌ఎస్‌ఎంతో మాట్లాడే సాఫ్ట్‌వేర్) కొత్త కీ కనీసం రెండు హెచ్‌ఎస్‌ఎంలలో ఉండాలి, లేకపోతే ఒప్పుకోదు. బ్యాకప్ మామూలుగా రోజుకొకసారి పడుతుంది. ఉన్న ఒక్క హెచ్‌ఎస్‌ఎమ్మూ పోతే, చివరి బ్యాకప్ తర్వాత చేసిన కీ దాంతోపాటే గోదాట్లో కలిసినట్టు. టెస్టుకైతే కాన్ఫిగర్ టూల్‌లో ఈ చెక్ ఆపెయ్యొచ్చు. రైతుల డేటాకి మాత్రం ఆ పని చెయ్యకండి, రెండోది వేరే అవైలబిలిటీ జోన్‌లో (అదే రీజియన్‌లో విడిగా ఉండే డేటాసెంటర్) పెట్టండి. టెస్ట్ క్లస్టర్‌తో పని లేనప్పుడు హెచ్‌ఎస్‌ఎంలు తీసేసి క్లస్టర్ ఉంచుకోవచ్చు. మళ్లీ చేర్చినప్పుడు బ్యాకప్ నుంచి కీలు వస్తాయి.

అసలు మీకు ఇదంతా కావాలా? కేఎంఎస్ (ఏడబ్ల్యూఎస్ వాళ్లే నడిపే కీల సేవ) కీలను కూడా హెచ్‌ఎస్‌ఎంలే కాపాడతాయి, కీకి నెలకి ఒక డాలరు. ఆడిటరు మీకొక్కరికే వేరుగా హెచ్‌ఎస్‌ఎం ఉండాలన్నాడా, హార్డ్‌వేర్ అయితే చాలన్నాడా, కనుక్కోండి.

కోనసీమ మాస్టారు:
బాబూ, సంతకం చేసిన ప్రైవేట్ కీ ఎక్కడుంది? ల్యాప్‌టాప్‌లోనా? అడ్మిన్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఏడబ్ల్యూఎస్ వాళ్లు కూడా తీసివ్వలేరు. రెండో అడ్మిన్‌ని ముందే పెట్టుకో. మా ఊరి గుడి హుండీకి రెండు తాళాలు, ఇద్దరూ వస్తేనే తెరుస్తారు. ఇందులోనూ కోరం ఆథెంటికేషన్ అని అలాంటిదే ఉంది, చూడు.

చెరువుగట్టు:
రెండోది పెట్టగానే కీ వచ్చిందండి. మాస్టారూ, ల్యాప్‌టాప్‌లోనే ఉంది, ఇవాళే పెన్‌డ్రైవ్‌లోకి మార్చి బ్యాంకు లాకర్లో పెడతా. ఆడిటరు ఫోన్లో "కేఎంఎస్ అయినా పర్లేదు" అన్నాడు. మెయిల్లో రాసిమ్మన్నా. ఇంకా రాలేదు.