గుత్తి కోటపై మురారి రావు గద్దె వరకు నాన్నగారిని తీసుకెళ్లవచ్చా?

కర్నూలు వాసి (ప్రశ్న)

డిసెంబరు రెండవ ఆదివారం కుటుంబంతో గుత్తి కోటకు వెళ్లాలని అనుకుంటున్నాము. బెంగళూరు వెళ్లే జాతీయ రహదారి 44 మీద డోన్, ప్యాపిలి దాటి గుత్తి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ కొండను చూసి ఎప్పుడో ఒకసారి ఎక్కాలి అనుకోవడమే తప్ప, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా బండిని అటు తిప్పింది లేదు. ఇప్పుడు పదేళ్ల మా అబ్బాయి చదరంగం నేర్చుకుంటున్నాడు. ఒకప్పుడు ఈ కోటను ఏలిన మరాఠా సర్దారు మురారి రావు కొండ అంచున కూర్చుని చదరంగం ఆడిన గద్దె ఒకటి అక్కడ ఉందని ఎవరో చెప్పగా విని, తన పలకతో సహా అక్కడికి వెళ్లి ఒక ఆట ఆడాలని పట్టుబట్టాడు.

నాన్నగారికి అరవై ఆరేళ్లు. సమతలంలో రోజూ రెండు మైళ్లు నడుస్తారు గానీ మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు పట్టేస్తుంది. ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో, గద్దె దగ్గర పిల్లవాడి విషయంలో ఎంత జాగ్రత్త అవసరమో, నాన్నగారు ఎక్కగలరో లేదో అక్కడికి వెళ్లివచ్చినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

గుత్తి ఆర్‌ఎస్ నివాసి

మా ఇంటి మిద్దె నుంచి రోజూ కనిపించే కొండ కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

చుట్టూ ఉన్న నేల నుంచి కోట శిఖరం దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉంటుంది. దారి ఒక్కటే, తప్పిపోయే భయం లేదు. ఒక ద్వారం దాటితే మరొక ద్వారం, దాని తర్వాత ఇంకొక మలుపు, అలా పోతూనే ఉంటుంది. కోట మొత్తానికి పదిహేను ప్రధాన ద్వారాలు ఉన్నాయని లెక్క. ఆగుతూ ఎక్కే కుటుంబానికి గంటన్నర వేసుకోండి. కుర్రవాళ్లు ముప్పావు గంటలో ఎక్కేస్తామని చెబుతారు గానీ, వాళ్ల మాట మీద లెక్క కట్టుకోవద్దు.

అన్నింటికంటే ముఖ్యమైనది నీళ్లు. ఈ కోట చివరికి లొంగిపోయింది కూడా నీళ్ల కరువుతోనే. 1776లో హైదర్ అలీ ముట్టడించినప్పుడు మొదట డబ్బు ఇచ్చి సంధి చేసుకునేందుకు మాటలు నడిచాయని, ఆ ఒప్పందానికి హామీగా శిబిరానికి పంపిన మనిషి నోట పైన నీళ్లు అడుగంటిన సంగతి బయటపడిందని, అది విన్న హైదర్ కదలకుండా మళ్లీ ముట్టడి బిగించాడని చెబుతారు. అంతటి మురారి రావు ఘోర్పడే చివరికి దిగివచ్చి, ఖైదీగా కర్ణాటకలోని కబ్బాళ దుర్గం కోటలో కన్నుమూశాడు. కాబట్టి పైన బావులూ దోనెలూ కనిపించినా వాటి మీద ఆశ పెట్టుకోకుండా మనిషికి రెండు లీటర్లకు తగ్గకుండా కింది నుంచే మోసుకెళ్లండి. కొండ మీద అంగడి ఉండదు.

ఇక గద్దె సంగతి. అది పెద్ద కట్టడం కాదు. నలుగురైదుగురు ఒదిగి కూర్చోగల చిన్న మంటపం, బురుజు మీద, సుమారు 300 అడుగుల కొండ చరియ అంచున ఉంటుంది. నునుపు చేసిన సున్నపురాయి కట్టడం కావడంతో ఎండలో కూడా తాకితే కొంచెం చల్లగానే అనిపిస్తుంది. అక్కడ కూర్చుంటే ఊరి మిద్దెలు అగ్గిపెట్టెల్లా, రైలు పట్టాలు నేల మీద పరిచిన దారాల్లా కనిపిస్తాయి. గూడ్సు బండి కూత మాత్రం బండి కనిపించిన చాలాసేపటికి వచ్చి చేరుతుంది. గాలి ఉధృతి ఎక్కువ. పోయిన ఏడాది మా బావమరిది టోపీ అక్కడే ఎగిరిపోయింది, అది ఎటు పోయిందో చూడటానికి వంగినవాడిని చొక్కా పట్టుకుని లాగవలసి వచ్చింది. మీ అబ్బాయి చదరంగం పలక అయస్కాంతం పావులది అయితేనే తీసుకెళ్లండి. చుట్టూ కమ్మీలు ఉంటాయని అనుకోకుండా, మంటపం లోపలి వైపునే, మీకు గోడకు మధ్య వాడిని కూర్చోబెట్టుకోండి.

అనంతపురం వాసి

పైవారు చెప్పినదంతా నిజమే గానీ, మోకాలి సంగతిని తేలికగా వదిలేశారు. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాలు. ఎక్కగలిగాను కదా అన్న ధైర్యంతో దిగడం మొదలుపెట్టిన మా పెద్దనాన్న సగం దారిలో రాతి మీద కూర్చుండిపోతే, ఇద్దరం చెరో భుజం కింద చేయి వేసి కిందికి దించాము. రెండేళ్ల మాట అయినా ఆ కొండ పేరెత్తితే ఇప్పటికీ ఆయన ముఖం చిట్లిస్తారు.

నా మాట వింటే, నాన్నగారిని మొదటి ఒకటి రెండు ద్వారాల దాకా తీసుకెళ్లి, ఆయన తృప్తిగా చూసిన తరువాత వెనక్కు పంపండి. తోడుగా ఒకరు ఉండాలి. కింద కూడా చూడవలసినది ఉంది. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయినప్పుడు మొదట ఆయనను ఖననం చేసింది గుత్తిలోనే, తరువాతనే అస్థికలను మద్రాసుకు తరలించారు. కోట కింద ఉన్న పాత ఆంగ్లేయుల సమాధుల తోటలో ఆ కథ నాన్నగారికి నచ్చవచ్చు, ఎందుకంటే మన రాయలసీమ పెద్దవాళ్లలో మన్రో పేరు తెలియనివారు తక్కువ.

ముందురోజు చినుకు పడి ఉంటే రాళ్లు నున్నగా జారుతాయి. అలాంటప్పుడు ప్రయాణాన్నే వాయిదా వేయండి.

కర్నూలు వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి మీ మాటలు చదివి వినిపించాను. "మన్రోను చూసి వస్తాను, మురారి రావును మీరే చూడండి" అన్నారు. ఒక సందేహం మిగిలింది. మురారి రావు ఆ గద్దె మీద కూర్చుని ఖైదీలను కొండ మీది నుంచి తోయించి చూసేవాడని ఎవరో అన్నారు. పిల్లవాడికి ఏమి చెప్పాలి?

చరిత్ర ఉపాధ్యాయుడు, గుంతకల్లు

అది స్థానికంగా నడిచే కథ. మురారి రావు అక్కడ చదరంగం ఆడుతూ, ఉయ్యాల ఊగుతూ ఉండేవాడన్నదీ అలా వచ్చినదే. రెండింటికీ ఒకే బలం, కాబట్టి ఒకదాన్ని చరిత్రగా నమ్మి మరొకదాన్ని కొట్టిపారేయడం సరికాదు. పిల్లవాడికి రెండూ కథలేనని చెప్పండి.

రాతి మీద నిలిచిన ఆధారం కావాలంటే శాసనాలున్నాయి. బుక్కరాయల కాలపు శాసనంలో గుత్తిని కోటల్లో రాజుగా పొగిడారు. అంతకంటే పాత కన్నడ శాసనాలు పశ్చిమ చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలానివి. గద్దె మాత్రం ఆ రోజుల నాటిది కాదని గుర్తుంచుకోండి. ఏ శాసనం దగ్గర నిలబడినా బొగ్గుతోనూ తాళం చెవులతోనూ చెక్కిన ప్రేమికుల పేర్లే ముందు కనిపించడం నాకు ఎప్పుడూ కష్టంగా ఉంటుంది.

గుత్తి ఆర్‌ఎస్ నివాసి

ఒక మాట మరిచాను. తెల్లవారుజామున నాలుగున్నరకు కర్నూలులో బయలుదేరితే, తొంభై కిలోమీటర్ల పైచిలుకు దారి కాబట్టి సూర్యోదయానికల్లా కోట కింద ఉంటారు. ఎండ ముదరకముందే పది గంటలకు దిగివచ్చేయండి. బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జి అప్పటికి అయిపోయి ఉండవచ్చు, అందుకని నాన్నగారిని కింద కూర్చోబెట్టినప్పుడే రెండు పొట్లాలు కట్టించి పెట్టమని చెప్పండి.