‘కార్మిక కర్షక ప్రభుత్వం’లో కర్షకుడెవరు?

ప్రశ్న: 1923 సెప్టెంబరులో బల్గేరియాలో జరిగిన తిరుగుబాటు మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. వాళ్ల నినాదం ‘రబోత్నిచెస్కో-సెల్స్కో ప్రవీతెల్స్త్వో’. కార్మిక కర్షక ప్రభుత్వం అంటే సరిపోతుందాండీ? ‘కర్షక’ మరీ సభల్లో వినే మాటలా ఉంది.

జవాబు: అర్థం వరకు సరిపోతుంది. కాకపోతే ‘సెల్స్కో’లో నాగలి లేదు, ఊరుంది. సెలో అంటే పల్లె. సేద్యం చేసేవాడికి వాళ్ల దగ్గర ఇంకో మాటుంది, జెమెదెలెత్స్. జెమ్యా అంటే నేల, ఆ మాట అందులోంచి వచ్చిందే. ప్రధాని స్టంబోలీస్కీ పార్టీ పేరులో ఉన్నది ఈ రెండోది.

భూమికి 30 హెక్టార్ల పరిమితి పెట్టిన ఆ ప్రభుత్వాన్ని 1923 జూన్ 9న కుట్రతో కూల్చారు. వారం తిరక్కుండానే స్టంబోలీస్కీని చిత్రహింసలు పెట్టి చంపారు. రైతులు చాలాచోట్ల ఎదురుతిరిగారు. అప్పుడు కమ్యూనిస్టు పార్టీ ఏమంది? ఇది పట్నం పెట్టుబడిదారులకూ పల్లె పెట్టుబడిదారులకూ మధ్య తగాదా, మనకెందుకని పక్కన నిలబడింది! మాస్కో నుంచి చీవాట్లు పడ్డాక ఆగస్టులో మనసు మార్చుకుని తిరుగుబాటుకు సిద్ధమైంది. అప్పటికే జూన్‌లో తిరగబడ్డ రైతుల్ని అణిచేశారు. సెప్టెంబరు 12న, ఆ కుట్రతో గద్దెనెక్కిన త్సంకోవ్ ప్రభుత్వం మూకుమ్మడి అరెస్టులు మొదలుపెట్టింది. కొన్ని ఊళ్లు అనుకున్న రోజుకన్నా ముందే లేచాయి. కమ్యూనిస్టు నాయకులు దిమిత్రోవ్, కొలారోవ్ నడిపిన వాయవ్య ప్రాంతం, అంటే ఫెర్దినాంద్ (ఇప్పటి మోంతానా) చుట్టుపక్కల, 22 రాత్రి తర్వాత గానీ కదల్లేదు. సోఫియా అసలు లేవనే లేదు. నెల తిరిగేలోపే అంతా ముగిసింది, నాయకులు యుగోస్లావియాలోకి దాటారు.

పోరాడినవాళ్లలో ఎక్కువమంది పల్లెవాళ్లే. మెద్కోవెత్స్ ఊరి చర్చి పూజారి ఆంద్రేయ్ ఇగ్నాతోవ్ ఫిరంగి పేల్చాడు, తర్వాత ఆయన్ని ఉరితీశారు. ఆయన్ని ‘కర్షక’లో ఇరికించలేం, ‘సెల్స్కో’లో మాత్రం హాయిగా ఇముడుతాడు.

ఇక వరస. ద్వంద్వంలో అక్షరాలు తక్కువున్న మాట ముందు రావాలని పాణిని. ఇక్కడ రెండూ మూడేసి. అలాంటప్పుడు పనికొచ్చేది ‘అభ్యర్హితం పూర్వం’, గౌరవం ఎక్కువున్నది ముందు. పల్లెలే అంత ఎక్కువున్న దేశంలో కార్మికుణ్ణి ముందు కూర్చోబెట్టింది వ్యాకరణమైతే కాదు.

వేరొకరు: మాస్టారూ, మరీ లోతుకు వెళ్తున్నారేమో. నినాదం వాళ్లు కట్టింది కాదు, కొమింటర్న్ (మాస్కోలోని కమ్యూనిస్టు పార్టీల అంతర్జాతీయ సంస్థ) ఇచ్చింది. వరస కూడా అక్కడిదే. బల్గేరియా వాళ్ల మనసు అందులో వెతికితే ఎలా?

జవాబు: నిజమే, వరస సంగతి మీరన్నట్టే. కానీ ఎప్పుడిచ్చిందో చూడండి. అంతకుముందు ‘కార్మిక ప్రభుత్వం’ అనేవాళ్లు. దాన్ని ‘కార్మిక కర్షక’ అని సాగదీసింది 1923 జూన్‌లో జరిగిన కొమింటర్న్ కార్యవర్గ సమావేశం. సరిగ్గా అదే నెలలో బల్గేరియా పార్టీ రైతుల చావును గట్టుమీద నుంచి చూసింది. వ్యాసంలో ఈ రెండు తేదీలూ ఒకచోట పడేలా చూడండి, సమాసం గొడవకన్నా అది ముఖ్యం.

మొదట అడిగినవారికి: నినాదంగా వచ్చినచోట ‘కార్మిక కర్షక’ ఉంచేయండి, అది తెలుగులో పాతుకుపోయింది. కథనంలో మాత్రం ‘పల్లెజనం’ అనండి. ‘కూలీలు’ అనొద్దు, వాళ్లలో చాలామంది సొంత చెక్క దున్నుకునేవాళ్లు.