రోబో నడిపిస్తున్నప్పుడు పాప మెదడు పనిచేస్తుందా?

ప్రశ్న (హన్మకొండ నుంచి, ఒక తండ్రి)

మా పాపకు ఏడేళ్లు. నెలలు నిండకముందే పుట్టింది, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలకు వచ్చే ఇబ్బంది) ఉంది. రెండు కాళ్లూ బిగుసుకుపోయి ఉంటాయి. వాకర్ పట్టుకుని మునివేళ్ల మీద నడుస్తుంది. వేసవి సెలవుల్లో హైదరాబాదులోని ఒక కేంద్రంలో రోబో సాయంతో నడిపించే చికిత్స ఇప్పించాము. ఒంటికి పట్టీలు బిగించి పైనుంచి బరువు ఆపుతారు, కింద ట్రెడ్‌మిల్ తిరుగుతుంటే యంత్రమే కాళ్లను ముందుకు వేయిస్తుంది. మొదటి రోజు పాప ఎంతో సంబరపడింది. మూడో రోజు నుంచి కదలకుండా ఉంటుందని ఎదుట ఫోనులో కార్టూన్ పెట్టడం మొదలుపెట్టారు. పాప దానిలో మునిగిపోయేది, కాళ్ల పాటికి కాళ్లు నడిచేవి. ఒకరోజు కిందికి దింపుతుంటే, "నేనే నడిచిన్నా డాడీ, అది నడిపిచ్చిందా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. యంత్రం కాళ్లను కదిలిస్తున్నంతసేపు మెదడులో ఏదైనా పని జరుగుతుందా? దసరా సెలవుల్లో మళ్లీ తీసుకెళ్లాలా వద్దా అన్నది దీని మీదే ఆధారపడి ఉంది.

జవాబు (కరీంనగర్ నుంచి, పిల్లల ఫిజియోథెరపిస్టు)

అన్నగారూ, మీ పాప అడిగినదే అసలు ప్రశ్న. కాలును ఎవరు కదిపినా కండరాలు, కీళ్లు, అరికాలి మీద పడే బరువు వెన్నుపాము ద్వారా మెదడుకు కబురు పంపుతూనే ఉంటాయి కనుక మెదడు పూర్తిగా ఊరుకున్నదని చెప్పలేము. అయితే కబురు అందుకోవడం వేరు, "కాలు లేపు" అని ఆజ్ఞ ఇవ్వడం వేరు. నడక నేర్వడానికి ఈ రెండోది కావాలి. యంత్రంలో గైడెన్స్ ఫోర్స్ అని ఒక అమరిక ఉంటుంది. అది 100 శాతం ఉంటే బిడ్డ ఏమీ చేయకపోయినా అడుగు పడుతుంది. దానిని క్రమంగా తగ్గిస్తూ, బిడ్డ స్వయంగా తోస్తేనే తెర మీద బొమ్మ కదిలే ఆటలు పెట్టాలి. కార్టూనుకు, ఆ ఆటకు తేడా అక్కడే ఉంది. నా మట్టుకు, ఆ మూడో రోజు నుంచి జరిగినది చికిత్స కన్నా కాలక్షేపమే ఎక్కువ.

ఇంకొక సంగతి. లోకోమాట్ అనే స్విట్జర్లాండ్ యంత్రంలో మోటార్లు తుంటి దగ్గర, మోకాలి దగ్గర మాత్రమే ఉంటాయి. పాదం ముందుభాగాన్ని సాగే పట్టీలే పైకి పట్టి ఉంచుతాయి. మీ పాపను పెట్టినది అటువంటిదే అయితే, మునివేళ్ల నడక దానితో బాగుపడదు. చీలమండకు వేరుగా వ్యాయామం, పాదాన్ని సరైన స్థితిలో పట్టి ఉంచే స్ప్లింట్ అవసరమవుతాయి.

జవాబు (కాజీపేట నుంచి, మెదడు సంకేతాల మీద పరిశోధన చేసే విద్యార్థి)

పైన మేడమ్ గారు చెప్పినదానికి కొలతల ఆధారం ఉంది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగర పరిశోధకులు ఆరోగ్యవంతులైన పెద్దలను ఇటువంటి రోబోలో నడిపించి, తలకు ఎలక్ట్రోడ్లు అతికించి ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాల నమోదు) తీసి, 2012లో ఫలితాలు ప్రచురించారు. తామే నడిచినప్పుడు నడినెత్తి దగ్గర మ్యూ, బీటా అనే మెదడు తరంగాల లయలు తగ్గాయి, యంత్రానికి వదిలేసినప్పుడు అంతగా తగ్గలేదు. ఈ లయలు తగ్గాయంటే ఆ ప్రాంతం పనిలో పడిందని అర్థం. నడినెత్తినే ఎందుకంటే కాళ్లను నడిపించే భాగం అక్కడే, రెండు అర్ధగోళాల నడుమ చీలికలోకి దిగి ఉంటుంది. నెలలు నిండని శిశువుల్లో దెబ్బతినేది తరచుగా ఆ భాగం నుంచి మెదడు లోపలి ద్రవపు గదుల పక్కగా దిగే తంతువులే. అందుకే చేతుల కన్నా కాళ్లకే ఇబ్బంది ఎక్కువ.

పిల్లల్లో కొలవడం మాత్రం చాలా కష్టం. సమీప పరారుణ కాంతిని తలలోకి పంపి, రక్తంలో ఆక్సిజన్ మార్పును చూసే టోపీలు ఉన్నాయి. ఆ కాంతి ఒకటి రెండు సెంటీమీటర్ల లోతుకు మించి చూడలేదు; రక్తంలో మార్పు కనబడేసరికి అయిదారు సెకన్లు గడుస్తాయి, అప్పటికి బిడ్డ చాలా అడుగులు వేసి ఉంటుంది. పైగా మన పిల్లల ఒత్తయిన నల్లని జుట్టు కాంతిని మింగేస్తుంది. కొబ్బరినూనె రాసి రెండు జడలు బిగించి వస్తే ఒక్కొక్క సెన్సారు కింద పాపిడి తీసుకుంటూ కూర్చోవడానికే అరగంట పడుతుంది. ఎవరైనా రంగు రంగుల మెదడు బొమ్మ చూపి "చూడండి, ఎంత ఎరుపెక్కిందో" అంటే వెంటనే నమ్మకండి. నుదుటి వెనుక భాగంలో చురుకుదనం పెరగడం, బిడ్డ ప్రతి అడుగునూ ఆలోచించి వేస్తున్నదనడానికి గుర్తు కావచ్చు. నడక అలవాటులో పడ్డాక అదే తగ్గవచ్చు.

జవాబు (జనగామ నుంచి, ఒక తల్లి)

మా బాబుకు మేము ఫోను మాన్పించి, "ఇప్పుడు కుడికాలు నువ్వు తొయ్యి" అని పక్కన నిలబడి చెప్పేవాళ్లము. పావుగంటకే అలసిపోయి చెమటలు పట్టేవి. అంతకుముందు అరగంట నడిచినా ఒక్క చుక్క చెమట రాలేదు.

జవాబు (కరీంనగర్ ఫిజియోథెరపిస్టు)

అమ్మా, మీరు చూసిన ఆ చెమట ఏ టోపీకీ తీసిపోని కొలత. అన్నగారూ, దసరాకు వెళ్లదలిస్తే ముందుగా ఫోన్ చేసి, గైడెన్స్ ఫోర్స్ ఎంత పెడతారో, ఎప్పుడు తగ్గిస్తారో అడగండి. ప్రతి సెషన్ అయ్యాక వెంటనే వాకర్‌తో నేల మీద కొంతసేపు నడిపించమని కూడా చెప్పండి, ఎందుకంటే పాప నడవవలసినది ట్రెడ్‌మిల్ మీద కాదు, మీ వాకిట్లో, బడిలో. యంత్రాన్ని తొడ పొడవును బట్టి అమరుస్తారు కనుక దానిని మరొకసారి కొలిపించండి. ఈ వయసులో పిల్లలు త్వరగా పొడుగవుతారు, వేసవిలో సరిపోయిన అమరిక దసరాకు సరిపోకపోవచ్చు.