నిద్రమాత్ర మానితే వచ్చేది పాత జబ్బా, మానిన బాధా?

నిద్రలేని రాత్రి:
ఆరేళ్లుగా రోజూ పడుకునే ముందు ఆల్ప్రజోలం అర మిల్లీగ్రాము. గత నెల ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానేశాను. మూడో రోజుకి ఫ్యాన్ చప్పుడు చెవిలో రంపం కోతలా ఉంది. దవడ బిగుసుకుపోయింది, అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు. డాక్టరు గారేమో "పాత ఆందోళనే తిరగబెట్టింది, ఇక జీవితాంతం వాడాల్సిందే" అన్నారు. మళ్లీ వేసుకుంటే గంటలో సర్దుకుంది. ఆయన చెప్పిందే నిజమంటారా?

కుండబద్దలు:
కాదు. గంటలో సర్దుకుందంటేనే తెలియట్లేదా, అది మందు మానిన బాధేనని? ఆల్ప్రజోలం లాంటి ఈ బెంజోడయజెపైన్ మందులు రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడొద్దని బ్రిటన్‌లో 1988లోనే చెప్పారు. వెంటనే మానేయండి, బాధ పడితే పడ్డారు.

పెద్ద కొడుకు:
ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందండీ? మా నాన్నగారికి 74 ఏళ్లు. పన్నెండేళ్లు వాడిన మాత్రని కొత్త డాక్టరు ఒక్క రోజులో ఆపేశారు. ఐదో రోజు అన్నం తింటుండగా ఫిట్స్ వచ్చాయి. పిడికిట్లో చెంచా ఇరుక్కుపోతే తీయడానికి ఇద్దరం పట్టాం. అప్పట్నుంచి పాత మోతాదే. ఈ వయసులో ఆయన్ని కదపను.

కుండబద్దలు:
"వెంటనే" అన్నది తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. కానీ రాత్రి బాత్రూంకి లేచి, ఆ మత్తులో తూలిపడి తుంటి విరిగితే?

బ్లేడు ముక్క:
అడిగిన ప్రశ్న పక్కకి పోయింది. గంటలో తగ్గడం దేనికీ రుజువు కాదు. పాత ఆందోళనైనా ఈ మాత్రకి అణుగుతుంది. చూడాల్సింది వేరే: మాత్ర మొదలెట్టక ముందు మీ అరికాళ్లలో చీమలు పాకేవా? ఫ్యాన్ చప్పుడు భరించలేకపోయేవారా? అప్పుడు లేనివి మానిన మూడో రోజే వచ్చాయంటే, నా అనుమానం మానడం మీదే.

మెదడుని నెమ్మదింపజేసే గాబా అనే రసాయనానికి ఈ మాత్ర బలమిస్తుంది. ఏళ్ల తరబడి ఇస్తే మెదడు దానికి అలవాటుపడిపోతుంది. హఠాత్తుగా తీసేస్తే మళ్లీ సర్దుకోవడానికి వారాలు, కొందరికి నెలలు. అమెరికాలో 2025లో వచ్చిన మార్గదర్శకాలు కూడా మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతమే తగ్గించి చూడమంటున్నాయి. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో 1982 నుంచి 1994 దాకా ఇందుకోసమే క్లినిక్ నడిపిన డాక్టరు హెదర్ ఆష్టన్ చాలామందిని ముందు అదే రకం మందైన డయాజెపామ్‌కి మార్చేవారు. అది ఒంట్లోంచి మెల్లగా పోతుంది, ఆల్ప్రజోలం త్వరగా పోతుంది.

నేను పద్నాలుగు నెలలుగా తగ్గిస్తున్నాను. మొదట్లో బ్లేడుతో కోసేవాణ్ణి. సగం పొడై కాగితం మీదే మిగిలేది, ఒక రాత్రి ఎక్కువ, ఒక రాత్రి తక్కువ. ఆ ఎగుడుదిగుడే నన్ను ఎక్కువ ఏడిపించింది. డాక్టరు గారు చిన్న మోతాదు మాత్రలు రాశాకే గాడిన పడ్డాను. రెండుసార్లు మధ్యలో ఆగాను కూడా, అదేం ఓటమి కాదు.

పెద్ద కొడుకు గారూ, మీ నాన్నగారికి జరిగింది తొందర వల్ల. తగ్గించాలా వద్దా అన్నది ఆయన్నే అడగండి.

నిద్రలేని రాత్రి:
చీమలు అప్పుడు లేవు. ఉన్నదల్లా గుండెదడ, నిద్ర పట్టకపోవడం. ఏ రోజు ఏం వచ్చిందో తేదీలతో రాసి డాక్టరు గారి ముందు పెడతాను. వినకపోతే ఇంకొకరి దగ్గరికి. ఈ రాత్రికి మాత్రం మాత్ర మామూలుగానే వేసుకుంటున్నాను.